ఆడ సాళ్లు, మగ సాళ్లు

పెళ్లయి వచ్చిన మూడో నెలలో మా అత్త నాకొక ఆజ్ఞ వేసింది. కుడిచేతి బొటనవేలి గోరు కత్తిరించుకోవద్దని. మిగతా తొమ్మిది గోళ్లూ నా ఇష్టం. ఏదో మొక్కు కాబోలు అనుకున్నాను. మొక్కూ కాదు, పాడూ కాదు. అది ఆ ఇంట్లో కొడవలి లాంటి పనిసామాను.

మాది పులివెందుల పక్కన చీనీ తోటల పల్లె, చీనీ అంటే బత్తాయి. కోయిలకుంట్ల దగ్గరి ఈ నల్లరేగడి ఊరికి కోడలిగా వచ్చేదాకా పత్తి అంటే నాకు తెలిసింది దూది, ఒత్తులు, పరుపులు. ఇక్కడ మా అత్తవాళ్లు అప్పట్లో పత్తి వేసింది దూది కోసం కాదు, విత్తనం కోసం. కంపెనీ ఇచ్చిన రెండు రకాలను పక్కపక్క సాళ్లలో వేసి, ఒకదాని పుప్పొడిని ఇంకోదానికి చేత్తో పూసి, ఆ కాయల్లోని గింజల్ని మళ్లీ కంపెనీకే ఇవ్వాలి. ఆ పనిని ఊరంతా క్రాసింగ్ అంటుంది. వేలిముద్ర వేసే అవ్వ కూడా క్రాసింగ్ అనే అంటుంది, తప్పు పలకదు.

పని ఇదీ. మధ్యాహ్నం పైన, మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గను ఎడంచేత్తో పట్టుకోవాలి. బొటనవేలి గోరు ఆనించి, రేకుల్నీ వాటితోపాటు లోపలి పుప్పొడినీ ఒక్క మెలికతో ఊడదీయాలి. నడుమ సన్నటి పుల్లలాంటి కీలం ఒక్కటే మిగలాలి. గోరు కాస్త లోతుకు దిగితే మొగ్గ రాలిపోతుంది. పైపైన పోతే పుప్పొడి మిగిలి సొంత పొడితోనే కాయ పడుతుంది, ఆ విత్తనాన్ని కంపెనీ తిరగ్గొడుతుంది. ఊడదీసిన మొగ్గకు రంగు కాగితం తొడిగి వదిలేస్తే, మరుసటి పొద్దున ఇంకో రకం చెట్ల పూలు కోసుకొచ్చి ఆ కీలానికి రుద్ది, కాడకు దారం కట్టాలి. అట్లా రోజుకు వందల మొగ్గలు, రెండు నెలలపాటు.

నేను బీఎస్సీ చదివాను, అందులో బాటనీ. మందార మొగ్గను బ్లేడుతో నిలువునా కోసి, రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని. చేలో దిగిన మొదటి పది రోజులు నేను చెయ్యి వేసిన మొగ్గ వేసినట్టు రాలింది. మా అత్త గట్టు మీద నిలబడి అందరికీ వినపడేటట్టు, "ఆడపుట్టుక పుట్టినావు, ఈ మాత్రం రాదా?" అనింది. దేవుడు ఆడపిల్లల్ని కిందికి పంపేటప్పుడు బొటనవేల్లో ఆ విద్య కూడా పెట్టి పంపుతాడన్నట్టు. నాకు సిగ్గూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ.

ఎందుకంటే ఇది మగవాళ్లకు రాని పని అని ఊరి తీర్మానం. వాళ్ల వేళ్లు మందమట. ఓపిక ఉండదట. నడుం వంచి పొద్దంతా ఉండలేరట. మోటారు బైకు మీద వచ్చి పని చూసిపోయే కంపెనీ అతను కూడా అదే పాట పాడేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర నాకు ఒళ్లు మండి అడిగేశాను. ముక్కుపుడకలో నువ్వుగింజంత రాయి పొదిగే ఆచారి ఆడదా? జాకెట్టుకు కాజాలు కుట్టే మన దర్జీ సాయిబు ఆడదా? పేకాట దగ్గర పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా కాలు కూడా కదపని మన చిన్నమామకు ఆ ఓపిక ఎక్కడిది? మా ఆయన చారన్నం కలుపుకుంటూ, అవి వేరే అన్నాడు. ఎట్లా వేరో చెప్పలేదు. ఇంకొంచెం చారు పొయ్యమన్నాడు.

నాకు పని నేర్పింది మా అత్త కాదు, ముందు సాలు పట్టే ఆమె. కూలికి వచ్చే పన్నెండు మందిలో చేయి తిరిగినామె ఎప్పుడూ మొదటి సాలు పడుతుంది, మిగతావాళ్లు ఆమె వేగాన్ని చూసుకుని నడుస్తారు. ఆమెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఎండు కట్టెలాంటి మనిషి, మాట తక్కువ. నా బొటనవేలిని తన వేళ్లతో పట్టుకుని మొగ్గ మీద ఆనించి, గోరుతో గీయగూడదు చిన్నమ్మా, గోరు కదపకుండా పువ్వును తిప్పల్ల అని చూపించింది. అంతే. రెండు రోజుల్లో పట్టుబడింది. ఆమెకెట్లా వచ్చిందని అడిగాను. ఎనిమిదేళ్లప్పుడు బడి మాన్పించి చేలో దించారట. మొగ్గ రాలిస్తే మేస్త్రీ వేళ్ల మీద వెదురుబద్దతో కొట్టేవాడట. ఆమె పక్కింటి పిల్లోడిదీ అదే ఈడు. వాడు ఆ ఏడు ఎడ్లు తోలడం నేర్చుకున్నాడు.

పత్తి పువ్వు సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి పువ్వులోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి. చేలో మాత్రం మేం ఆడ సాళ్లు, మగ సాళ్లు అని పిలుచుకుంటాం. మగ సాలు అంటే మేం ఏమీ చేయకుండా వదిలేసిన సాలు. ఆడ సాలు అంటే రోజూ సాయంత్రం మేం గోరు పెట్టి, ఉన్నదాంట్లో సగం పీకేసిన సాలు. పీకిన తర్వాత దాన్ని ఆడపువ్వు అంటాం. కాలేజీలో మాకు ఈ సంగతి ఒక పేరాలో చెప్పి వదిలేశారు, పరీక్షలో రెండు మార్కులకు వచ్చింది.

ఇక అసలు విషయం. ఇది ఆడవాళ్లే చేయగలిగిన పని అని చెప్పే నోటితోనే మా అత్త ఇంకో మాట కూడా చెప్పేది. నెలలో మూడు రోజులు ఆడవాళ్లు చేను తొక్కగూడదు. నెలసరి వస్తే మా వైపు 'బయట ఉంది' అంటాం. బయట ఉన్నదాని నీడ పడితే మొగ్గ రాలుతుందని అత్త నమ్మకం. ఆమె ఒక్కదానిదే కాదు, ఆ చుట్టుపక్కల విత్తనపు పత్తి వేసిన ఇళ్లన్నిటిదీ. మల్లెచెట్టు, తమలపాకు తీగ, ఎండబెట్టిన వడియాలు, వాటి పక్కన పత్తిమొగ్గ. ఈ హైబ్రిడ్ పత్తి మా అత్త కాపురానికి వచ్చాకే ఊళ్లోకి వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన పంటకు అంత పాత మైల ఎవరు అంటించారో అడుగుదామనుకునేదాన్ని. అడగలేదు.

అడగకపోగా పాటించాను కూడా. ఇది దాచడం ఎందుకు. ఆ మూడు రోజులూ వసారాలో చాప వేసుకుని ఫోను చూసుకుంటూ పడుకునేదాన్ని. నడుంనొప్పికి అది నాకు హాయిగానే ఉండేది. కూలికి వచ్చేవాళ్లకు అవి కూలి లేని మూడు రోజులు, అంతే. పన్నెండు మంది తేదీలూ మా అత్తకు నోటికి వచ్చు. ఎవరికైనా రెండు రోజులు దాటితే, "ఏమే, ఇంకా కాలేదా?" అని అందరి ముందూ అడిగేది. దొంగతనంగా వచ్చినట్టు తెలిస్తే ఆ ఏడాదికి పని లేనట్టే. పక్క చేలవాళ్లకు కూడా కబురు పోయేది.

ముందు సాలు ఆమెకు మాత్రం ఈ బాధ లేదు. ఆమెకు గర్భసంచి తీసేశారని, ముప్పై రోజులూ పనికి వస్తుందని మా అత్త గొప్పగా చెప్పేది. మా ఇంటి ఎద్దు ఫలానా సంతలో కొన్నదని చెప్పినట్టు చెప్పేది.

పెళ్లయిన రెండో ఏడాది, క్రాసింగ్ మొదలైన నెలకు, ఒక పొద్దున నేనూ ఆమే పక్కపక్క సాళ్లలో ఉన్నాం. వెనకాలవాళ్లు దూరంగా ఉన్నారు. ఆమె నా దగ్గరికి జరిగి, ఏమైనా గుడ్డ ఉంటే ఇయ్యమని మెల్లగా అడిగింది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పువ్వు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇంటికి పోయి ప్యాడ్లు తెచ్చి, కాగితంలో చుట్టి, కంచెవార ఆమెకిచ్చాను. ఆపరేషన్ సంగతేందని అడిగితే ఆమె దాచలేదు. మొగుడు బండల ఫ్యాక్టరీలో నడుం విరగ్గొట్టుకుని మంచాన పడిన ఏడాది మా ఇంటికి మొదటిసారి పనికి వచ్చిందట. మా అత్త తేదీ అడిగిందట.

"తీసేసినారని చెప్తి. మూడేండ్లు ఆయ. ఒగ దినం గూడా మాన్లేదు. మొగ్గకేం తెలుస్తాది చిన్నమ్మా?"

నాకు నవ్వు వచ్చింది. ఎంత ధైర్యం ఈమెకు అనిపించింది. మూడేళ్లు, అన్ని నెలలూ ఆమె ఆ చేలో తిరిగింది. మా చేలో అందరికంటే ఎక్కువ కాయ నిలిచేది ఆమె చేతిదే. ఆ సంగతి తేల్చి చెప్పింది మా అత్త పెట్టిన దారాలే. ఎవరి చేయి నిలుస్తుందో కనిపెట్టడానికి ఆమె మనిషికో రంగు ఊలుదారం ఇచ్చేది. ముందు సాలు ఆమెది ఎరుపు, నాది పసుపు. కాయలు ముదిరాక ఏ సాలు చూసినా ఎర్రదారమే ఎక్కువ కనిపించేది. మా అత్త ఆ ఎర్రదారాలు చూసి మురిసిపోయేది.

ఆ ఏడాదే మంత్రాలయం వైపు నుంచి ఒక జంట మా చేలో పనికి వచ్చింది. అక్కడ వాన లేక పైరు ఎండిపోతే, ఇద్దరు పిల్లల్ని ఆమె తల్లి దగ్గర వదిలి వచ్చారు. అతను నీళ్లు కట్టేవాడు, పురుగుమందు కొట్టేవాడు. ఆమె క్రాసింగ్‌కు వచ్చేది. మోటారు కొట్టంలో కాపురం. ఆమెకు ఇరవై ఎనిమిది, నాకంటే రెండేళ్లు చిన్నది. డబ్బుల్ని దుడ్లు అంటుందని మిగతావాళ్లు ఆటపట్టించేవాళ్లు. అందుకని మధ్యాహ్నం జొన్నరొట్టె, కారంపొడి తెచ్చుకుని విడిగా గట్టు కింద కూర్చుని తినేది. చేయి మాత్రం మంచిది. ఆమెకు మా అత్త ఆకుపచ్చ దారం ఇచ్చింది. నెలలో మూడు రోజులు వచ్చినప్పుడు తనే చెప్పి కొట్టంలో ఉండిపోయేది.

దీపావళికి ముందు మబ్బు పట్టింది. మూడు రోజులు ఎడతెగని తుంపర. వాన వెలిసిన రోజు పొద్దున చేలో చూస్తే సాళ్ల కింద మొగ్గలు రాలి ఉన్నాయి, దారాలతో సహా. తడిస్తే పుప్పొడి పనికిరాదు, పూసినా కాయ పట్టదు. పుస్తకంలో ఉన్న సంగతే, కంపెనీ అతనూ అదే చెప్పాడు. మా అత్త వినలేదు. మరుసటి రోజు ఇంకా ఎక్కువ రాలాయి. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె తట్టలో తమలపాకు, దాని మీద కర్పూరం పెట్టుకుని చేలోకి వచ్చింది. ఎవరో బయట ఉండి చేను తొక్కారు, ఎవరో తేలాలి. ఒక్కొక్కరూ వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను కాదు అని ప్రమాణం చేయాలి. మా వైపు ఇంతకు మించిన ప్రమాణం లేదు. అబద్ధమాడి కర్పూరం ఆర్పినవాళ్ల ఇల్లు ఆరిపోతుందంటారు.

ముందు సాలు ఆమె ముందుకు వచ్చింది. ఆమె ముఖం చూడలేక నేను నేల చూశాను. మా అత్త ఆమెను చేత్తో పక్కకు జరిపింది.

"నీకేం పని లేదు, పక్కకు పో. గర్భసంచి తీసేసినాక ఇంగ మైల యాడిది? ముప్పై దినాలూ చేన్లో తిరగొచ్చు."

మిగతావాళ్లు వరసగా ఆర్పారు. నేనూ ఆర్పాను, చేయి చుర్రుమంది. మంత్రాలయం ఆమె వంతు వచ్చింది. ఆమె చేయి చాచి, వెనక్కి తీసుకుంది. నిన్న మధ్యాహ్నం చేలో ఉండగానే అయిందని, అందరి ముందూ చెప్పలేక సాయంత్రం దాకా సాలు ముగించి పోయానని, ఈ పొద్దు చెప్పడానికే గట్టు దగ్గరికి వచ్చానని చెప్పింది. ఏడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతమందిలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే, దొంగ కూడా ఆమే అయింది.

నాకు ఉండబట్టలేదు. మొగ్గలు మొన్నటి నుంచే రాలుతుంటే నిన్న మధ్యాహ్నం అయినామెది తప్పెట్లా అవుతుందని అత్తను అడిగాను. వచ్చే ముందర కూడా నీడ పడుతుందని చెప్పింది. సరే అని, రాలినవాటిని సాలు సాలునా ఏరి కొంగులో పోసుకొచ్చి గట్టు మీద కుప్ప పెట్టాను. అందులో ఎక్కువ పసుపు దారాలు, అంటే నావి. ఆకుపచ్చవి కొన్నే. రాలింది నా చేతివే, నన్ను తరుము అన్నాను. ఆమె నీడ నీ మొగ్గల మీద పడింది, అదేగదా నేను చెప్తాండేది అనింది. ఈ మాటకు ఎవరు ఏం చెప్పగలరు? ఏ కుప్ప చూపించినా ఆ నీడ దాని మీద పడుతుంది.

ఒక్కటే జవాబు ఉంది. నా కళ్ల ముందే, కర్పూరం పొగ తగలకుండా పక్కన నిలబడి ఉంది. మూడేళ్లుగా ఒక్క నెల మానకుండా ఈ చేను తొక్కుతోంది చూడు, ఎర్రదారాలు ఎన్ని రాలాయో లెక్కపెట్టుకో అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. నీళ్లు తాగే నెపంతో ఆమెను తుమ్మచెట్టు చాటుకు తీసుకుపోయాను. చెప్పేద్దాం అక్కా, నువ్వు చెబితే ఈ పీడ ఊరికే వదిలిపోతుంది, అందరికీ మూడు రోజుల కూలి మిగులుతుంది అన్నాను. ఆమె బిందె మీద చేయి పెట్టుకుని విన్నది.

"నీ మాట నిలబడకపోయినా నువ్వు ఇంట్లోనే ఉంటావు చిన్నమ్మా. నా మాట కూలిపోతే నేను యాడికి పోవల్ల? ఆ మంచం మీద ఉండేటోనికి ఎవరు పెడతారు?"

ఆమె చెప్పింది నిజం. మా అత్త ఆ మాట నమ్మదు, నమ్మినా ఒప్పుకోదు. మూడేళ్లు మైలతో చేనంతా తొక్కిందని ఆమెను తరిమేస్తుంది, ఊళ్లో ఇంకెవరూ పిలవరు. నేను ఆ వసారాలోనే, ఆ చాప మీదే ఉంటాను. అయినా అప్పుడు నేను ఆలోచించింది ఇదొక్కటే అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. పండుగ ముందర అత్తతో పెద్ద గొడవ ఎందుకని కూడా అనుకున్నాను. గట్టు మీదికి తిరిగి వచ్చి మొగ్గలు ఊడదీసే పనిలో పడ్డాను.

సాయంత్రానికి ఆ జంట వెళ్లిపోయింది. పక్క చేలవాళ్లకు అప్పటికే కబురు పోయింది కాబట్టి ఊళ్లో ఉండీ లాభం లేదు. అతను స్టవ్వు, పరుపుచుట్ట మోసుకుని ముందు నడిచాడు. ఆమె మిగిలిన ఆకుపచ్చ దారపుండను మా వసారా అరుగు మీద పెట్టి, మా అత్తకు దండం పెట్టి పోయింది. పోయే ముందు మా అత్తను ఒక్క మాట అడిగింది. ఆ అక్క మాదిరి అయితే మళ్లా పనికి పెట్టుకుంటారా అని. మా అత్త అప్పుడు చూద్దాంలే అనింది. ఆ మాట నేను విన్నాను. విని కూడా దాన్ని ఏదో పోతూ పోతూ అన్న మాట అనుకున్నాను. మనిషి ముఖం మీదే చెప్పిపోతే అర్థం కాని బాటనీ నాది.

పురుగుమందు కొట్టే మనుషులు తాగి వచ్చి సాళ్ల మధ్య పడి నిద్రపోయిన రోజులున్నాయి. వాళ్ల నీడకు ఒక్క మొగ్గ రాలలేదు. ఇది నేను మా ఆయనతో అంటే, మగవాళ్లకు అట్లాంటివి ఉండవు కదా అన్నాడు. ఉండవు, నిజమే. నెలనెలా నాకు వచ్చేది నా ఒంట్లోంచే వచ్చేది, దాన్ని ఎవరూ నేర్పలేదు. నడుంనొప్పి కూడా ఎవరూ నేర్పింది కాదు. దాని నీడ మాత్రం మా అత్తది, మా అత్తకు వాళ్ల అత్తది. నేను చెప్పదలచుకున్నది అదే. ఆయన అప్పటికే టీవీ పెట్టాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ గోరు పెంచే నెల వచ్చింది. క్రాసింగ్ రెండు రోజుల్లో మొదలవుతుందనగా మా అత్త వసారాలో కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది, ముందు సాలు ఆమె మెట్ల మీద దారపుండలు రంగులవారీగా వేరు చేస్తోంది. గేటు దగ్గర మంత్రాలయం ఆమె నిలబడి ఉంది. ఈసారి ఒక్కతే వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. ముఖం ఉబ్బి ఉంది, నడక మెల్లగా ఉంది. మెట్ల దాకా వచ్చి, కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడత కాగితం తీసి మా అత్తకు చాచింది.

"నేను గూడ తీపిచ్చుకొని వచ్చినా పెద్దమ్మా. ఇంగ నెలంతా వస్తా. చీటీ చూడండి."

మా అత్తకు చదువు రాదు. ఆ కాగితాన్ని నాకిచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పట్నంలో ఏదో ప్రైవేటు ఆస్పత్రిది. వయసు ఇరవై తొమ్మిది అని ఉంది. గర్భసంచితోపాటు రెండువైపులా అండాశయాలు కూడా తీసేసినట్టు రాసి ఉంది. తెల్లబట్ట అవుతోందని చెబితే, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారట, ఆమెకు కావలసిందీ అదే, వెంటనే తీయించుకుంది. చెవికమ్మలు అమ్మి కట్టిందట. అండాశయాలు పోతే ఒంట్లో ఏమేం పోతాయో నాకు తెలుసు, చదువుకున్నాను. నా మీద నాకు అసహ్యం పుట్టింది, దానికి ఇంకో పేరు లేదు.

ఏమి రాసినారని మా అత్త అడిగింది. తీసేసినట్టు రాసి ఉంది అన్నాను. మా అత్త ముఖం తేటపడింది. మంచి పని చేసినావు, పీడ విరగడ ఆయ, ఎల్లుండి నుంచి రా అనింది. అంటూనే లోపలికి పోయి ఆమెకు ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అత్త చెడ్డమనిషి కాదు. ముందు సాలు ఆమె దారపుండలు వేరు చేయడం ఆపలేదు. ఎర్రవాటిలో ఆకుపచ్చవి కలిపేస్తోంది, మళ్లీ తీస్తోంది.

ఆ తర్వాత నేను మా అత్తకు అంతా చెప్పాను. ముందు సాలు ఆమె పేరు బయట పెట్టకుండా, ఆమె చేసింది నేను చేసినట్టు నా పేరు పెట్టి చెప్పాను. పోయిన ఏడాది నేనే బయట ఉండి చేలో తిరిగానని, ఏమీ కాలేదని. మా అత్త నన్ను పైకీ కిందికీ చూసి, అందుకేనా నీ దారాలు అన్ని రాలె అనింది. ఆ ఏడాదంతా నన్ను చేలోకి రానిచ్చింది, నా తేదీలను మాత్రం తనే గోడమీద క్యాలెండర్‌లో సున్నా చుట్టి పెట్టుకునేది.

క్రాసింగ్ మొదలైన మూడో రోజు మేం ముగ్గురం పక్కపక్క సాళ్లలో పడ్డాం. మంత్రాలయం ఆమె నాలుగు చెట్లకొకసారి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఎండ అంత లేదు. పొద్దు ఇంకా ఎక్కలేదు కూడా. ఆమె ముఖం, మెడ ఎర్రబడి, చెమట ధారలు కడుతోంది. కాసేపటికి వణుకుతూ కొంగు భుజాల మీదికి లాక్కుంది. మళ్లీ పువ్వు తీసుకుని రుద్దింది, దారం కట్టింది. తర్వాత తన సాలు దాటి ముందు సాలు ఆమె పక్కకు పోయి నిలబడింది. ఊళ్లో ఆమెకు ఈ సంగతి అడగదగిన మనిషి ఒక్కతే ఉంది మరి.

"అక్కా, నీకు గూడ ఇట్లే ఒళ్లంతా మంటలు లేస్తాండెనా? రాత్రుల్లో నిద్ర రాకుండె? నీకు ఎన్నాళ్లకు తగ్గె?"

ముందు సాలు ఆమె చేతిలో నిన్న ఊడదీసిన మొగ్గ ఉంది. కీలానికి పువ్వు ఆనించి ఉంది. పన్నెండు మందిలో ఎన్నడూ ఒక్క మొగ్గ పోగొట్టని మనిషి దాన్ని నలిపేసి కింద పారేసింది. నా వైపు చూసింది. చెప్పమనా, చెప్పొద్దనా, నాకు తెలియలేదు. నేను తల వంచుకుని నా దారం ముడి వేసుకున్నాను.

"తగ్గుతాదిలే" అనింది.

"అదే, ఎన్నాళ్లకని?" అని ఆమె మళ్లీ అడిగింది.